కవరు తియ్యని హెల్మెట్

ఇగో, జర దగ్గరకొచ్చి కూసోండ్రి. ఆ టీవీ సౌండ్ తగ్గించుండ్రి. మన చంపాపేట్‌కు పట్టిన గొప్ప అదృష్టం గురించి చెప్త. దాని పేరు సేఫ్టీ ట్రైనింగ్.

నవ్వకుండ్రి. బిల్డింగులు కట్టేటోళ్ళకు ఇంతకన్న మంచిది దేవుడు సుత ఇయ్యలేడు!

మా డాబా పక్కన ఐదంతస్తులు లేస్తున్నది. సైట్ మేనేజర్ త్రినాథరావు కోస్తా దిక్కు మనిషి, నెమ్మదస్తుడు. నన్ను ‘పెద్దమ్మగారూ’ అంటడు. ఆయనను కంపెనోళ్ళు ఎల్బీ నగర్‌ల ఏసీ హాలుకు ట్రైనింగుకు తోలిండ్రు. ఎత్తు మీద పని ఎంత ప్రమాదమో కింది అంతస్తుల మెత్తటి కుర్చీల కూసొని నేర్చుకున్నడు. బిర్యానీ పెట్టిండ్రట, డబుల్ కా మీఠా గూడ. గంత తిన్నంక ఎవరికన్న భయమైతదా?

తెల్లారి సైటుకు పచ్చ హెల్మెట్లు దిగినయి. త్రినాథరావు వాటికి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కూలోళ్ళ నెత్తిన పెట్టి ఫోటో దించిండు. మళ్ళ అన్నీ ఆఫీసు రూముల పెట్టి తాళమేసిండు. మీదున్న ప్లాస్టిక్ కవర్లు సుత తియ్యలే. తప్పేంది? కొత్త కారు సీట్లకు మనం తీస్తున్నమా?

ఇటుకలు మోసే యాదలక్ష్మి ఒకనాడు అడిగింది. ఆమె మొగడు బక్కయ్య మూడో అంతస్తు బయటిగోడకు ప్లాస్టరింగ్ చేస్తడు.

“సారూ, మా ఆయనకన్న ఒక హెల్మెట్ ఇయ్యరాదు.”

“మాసిపోతాయమ్మా. వచ్చే నెల ఇన్‌స్పెక్షన్ ఉంది. అప్పుడేం పెట్టమంటావు?”

“అందాక ఆయన పడకుంట ఉండాల్నా?”

“అదేనమ్మా సేఫ్టీ అంటే.”

చూసిండ్రా, పాఠం ఎంత మంచిగ వంటబట్టిందో!

మొన్న నేను డాబా మీద మిరపకాయలు ఎండబోస్తున్న. తను నిలబడ్డ పరంజ పలక జారి బక్కయ్య కింద పడ్డడు. నెత్తికి ఎర్ర తువ్వాల. యాదలక్ష్మి తట్ట ఇడిచిపెట్టి ఉరికింది. త్రినాథరావు గూడ ఉరికిండు, ఆఫీసు రూముకు. పాపం, నౌకరి పోతే పిల్లల ఫీజులెట్ల అనే రంది. తాళంచెవి రెండుసార్లు కింద పడేసుకున్నడు గని పాఠం మాత్రం మరువలే. హెల్మెట్ తెచ్చి బక్కయ్య నెత్తిన పెట్టి, బెల్టు బిగించి, ఫోటో దించినంకనే ఆంబులెన్సుకు ఫోన్ చేసిండు.

ఇప్పుడు బక్కయ్య దవాఖానల ఉన్నడు. కాళ్ళు కదుల్తలేవు. కంపెనోళ్ళేమో, ట్రైనింగ్ ఇచ్చినం, హెల్మెట్ పెట్టినం, ఆయనే చూసుకోక పడ్డడు, వైద్యంతోని మాకు సంబంధం లేదంటున్నరు. రుజువుకు ఫోటో చూపిస్తున్నరు.

ఆ ఫోటో నేను గూడ చూసిన. మనిషి మూడో అంతస్తు నుంచి పడ్డడు. నెత్తి మీద హెల్మెట్, హెల్మెట్ మీద కవరు, కవరు మీద బొట్టు. బొట్టు చెరగలే, కవరు చినగలే. మనిషి నడుమిరిగింది గని ప్లాస్టిక్‌కు ఏం కాలే. ట్రైనింగ్ ఎవరిని కాపాడిందో సమజైందా?

రేపు ఆఫీసర్లు విచారణకొస్తరట. సదువు లేని ముసల్దాని మాట ఖాతర్ చేస్తరో లేదో. అందుకే మీకు చెప్తున్న. యాదుంచుకోండ్రి, గల్లీల అందరికి చెప్పుండ్రి. పడ్డప్పుడు బక్కయ్య నెత్తికి ఎర్ర తువ్వాలనే ఉండె. హెల్మెట్ ఎనక వచ్చింది.