ఉదయగిరి వారి ఫైనల్

1954 డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున, ఉదయగిరి ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడు కొండలయ్య గట్టి నిర్ణయంతో నిద్ర లేచాడు. ఆ రోజు జట్టును ఆత్మకూరు తీసుకెళ్ళాలి. లీగులో మిగిలిన ఒక్క మ్యాచ్ ఆడి, మర్యాదగా ఓడి, పొద్దుగూకేలోగా ఇల్లు చేరి, క్లబ్బును మూసేయాలి.

బట్టల కొట్టు నడుపుకునే మనిషికి ఫుట్‌బాల్ పిచ్చి ఎలా పట్టిందో ఎవరికీ తెలియదు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, దేశంతో పాటు తన ఊరు కూడా ఏదైనా సాధించాలని ఆయన క్లబ్బు పెట్టాడు. ఆ తర్వాత దేశం రాజ్యాంగం రాసుకుంది, ఎన్నికలు జరుపుకుంది, ఆంధ్ర రాష్ట్రం కూడా వచ్చింది. ఉదయగిరి జట్టు మాత్రం ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఆత్మకూరు, కలువాయి, దుత్తలూరు, ఉదయగిరి ఆడే ఆ లీగులో అట్టడుగు స్థానం దానికి సొంత ఇల్లయింది. ఈసారి కప్పు ఆత్మకూరుదేనని ముందే తేలిపోయింది కూడా.

కొండలయ్య బస్టాండుకు వెళ్ళి, డ్రైవరు పెంచలయ్యను జట్టుకు సీట్లు ఉంచమన్నాడు.

"ఏంది శెట్టిగారా, మ్యాచ్ ఉండాదా?"

"ఉండాదిరా. ఇదే మనకి ఫైనల్."

ఇక ఆడేది లేదని ఆయన భావం. పెంచలయ్య నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తర్వాత ఊరంతా చాటేదాకా ఆ నోరు మూతపడలేదు.

కొండలయ్య స్నానం చేసి వాకిట్లోకి వచ్చేసరికి వీధంతా జనం. ఎవరో మెడలో బంతిపూల దండ వేశారు. డోలు పిచ్చయ్య తన పెళ్ళిమేళంతో సహా సిద్ధంగా ఉన్నాడు.

"మన ఊరు ఫైనల్‌కి పోతా ఉంటే ఒక్క ముక్క చెప్పకుండా ఉన్నావే శెట్టీ!" అన్నాడు పిచ్చయ్య.

"అయ్యో, మనం ఫైనల్‌కి రాలేదు. ఉన్నదాంట్లో అడుగున ఉండాము."

"చూసినారా, గర్వం లేని మనిషి!" అని జనం చప్పట్లు కొట్టారు.

భార్య రాఘవమ్మ కుంకుమ బొట్టు పెడుతూ కళ్ళొత్తుకుంది. "ఇన్నేళ్ళూ మిమ్మల్ని ఆ బంతితో కలిపి తిట్టినాను. మనసులో పెట్టుకోబాకండి. నేనూ వస్తా ఉండాను."

ఇక తన మాట సాగదని కొండలయ్యకు అర్థమైంది. జట్టు కెప్టెన్, తన మేనల్లుడు రామనారాయణను పక్కకు లాగి, "నువ్వన్నా చెప్పరా వీళ్ళకి!" అన్నాడు.

"నాకే ఇప్పుడు తెలిసింది మామా, మనం ఫైనల్‌కి వచ్చినామని."

"అన్నీ ఓడినాం గదరా!"

"మిగతావోళ్ళు మనకంటే ఎక్కువ ఓడినారేమోలే!"

రెండు బస్సులు, మేళంతో సహా ఆత్మకూరు మైదానానికి చేరాయి. ఆత్మకూరు కార్యదర్శి నారాయణయ్య కప్పు తుడుచుకుంటూ తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"ఏందయ్యా ఇంతమంది?"

"ఫైనల్ గదా!" అన్నాడు పెంచలయ్య.

లీగు పట్టిక తయారుచేసింది నారాయణయ్యే. అయినా అన్ని కంఠాలు ఒక్కటిగా అరుస్తుంటే తన లెక్క మీద తనకే అనుమానం వచ్చింది. రూల్సు మార్చి తనకు చెప్పలేదేమోనని, పరుగున వెళ్ళి తన జట్టుతో, "ఇది ఓడితే కప్పు పోయేట్టు ఉండాదిరా!" అన్నాడు. అప్పటిదాకా నవ్వుకుంటున్న ఆటగాళ్ళు కంగారులో ఒకరి చొక్కా ఒకరు తొడుక్కున్నారు.

ఉదయగిరి కుర్రాళ్ళు మాత్రం ఎన్నడూ లేనట్టు ఆడారు. ఊరు ఊరంతా తమను చూడటానికి రావడం వాళ్ళకు అదే మొదటిసారి. ఒక్క గోలూ పడకుండా ఆట ముగియబోతుండగా రామనారాయణ బంతిని బలంగా తన్నాడు. అది గోలు దాకా పోకముందే పిచ్చయ్య ఆవేశం ఆపుకోలేక గెట్టిమేళం వాయించాడు. గెట్టిమేళం వినపడితే అక్షింతలు వేయడానికి చెయ్యెత్తని తెలుగువాడు లేడు. ఆత్మకూరు గోలీ అలవాటు కొద్దీ చెయ్యెత్తాడు. బంతి వాడి కాళ్ళ సందులోంచి లోపలికి వెళ్ళింది.

ఈల మోగింది. ఉదయగిరి గెలిచింది. కొండలయ్య నడి మైదానంలో కూలబడి పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

"కప్పేది?" అని పెంచలయ్య చెయ్యి చాపాడు.

ఇక దాచి లాభం లేదని కొండలయ్య లేచాడు. కప్పు ఆత్మకూరుదేననీ, గెలిచినా తాము అట్టడుగునే ఉన్నామనీ, ఫైనల్ అంటే ఆఖరిదని తన ఉద్దేశమనీ అందరికీ చెప్పాడు. మేళం ఆగిపోయింది. 

రాఘవమ్మ ముందుకొచ్చింది. "కప్పుదేముండాది, మన ఇంట్లో చెంబులు లేవా? వీళ్ళని వీళ్ళ ఊర్లోనే ఓడించినామా లేదా?"

"ఓడించినాం!" అని రెండు బస్సుల జనం అరిచారు.

"మళ్ళా ఆట ఎప్పుడు మామా?" అన్నాడు రామనారాయణ.

"రేపే మొదలుపెడదాంరా," అన్నాడు కొండలయ్య కళ్ళు తుడుచుకుంటూ.

జనం ఆయన్ని భుజాల మీదకెత్తుకుని, మేళంతో ఆత్మకూరు బజారంతా ఊరేగించారు. కప్పు గెలిచింది వీళ్ళేననుకుని ఆత్మకూరు వాళ్ళే మిద్దెలెక్కి పూలు చల్లారు.

లీగు విజేతలు కప్పును కండువాలో చుట్టుకుని సందుల వెంట ఇళ్ళకు వెళ్ళారు.