కంప్యూటర్లో కమలాబాయి

“గ్యాస్ బంద్ చేసిన్నా?”

ఆదివారం పొద్దున మంచం దిగుతూనే కమలాబాయి అడిగిన మొదటి మాట ఇది. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. పాల ప్యాకెట్ తలుపుకు తగిలించిన సంచిలోనే ఉంది. అయినా అడగడంలో తప్పేముంది? వెలిగించాక అందరూ అడుగుతారు. అప్పటికే ఏదైనా అయిపోతే?

జవాబు చెప్పవలసిన మనిషి ఆమె భర్త సదాశివ. ముందుగదిలో కుర్చీలో కూర్చుని, పేపరు విప్పుకుని, చాయ్ కోసం ఎదురుచూస్తున్నాడు. అతను నోరు తెరిచేలోపే, “నల్లా బంద్ చేసిన్నా? గేటు గొళ్లెం పెట్టిన్నా? పేపరోడు గేటు తీసి పెట్టి పోయిండేమో, కుక్క లోపటికొచ్చిందేమో చూసినవా?” అని మరో మూడు వచ్చి పడ్డాయి. సదాశివ తెరిచిన నోరు మూసుకుని మళ్లీ పేపరులోకి వెళ్లిపోయాడు. పెళ్లయిన కొత్తలో ఒకటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పేవాడని బంధువులు అంటారు.

ఆ రోజు కమలాబాయి కంగారుకు మాత్రం కారణం ఉంది. బోయిన్‌పల్లిలో ఉండే తమ్ముడు తిరుమల్‌కు పెళ్లయిన చాలా ఏళ్లకు కొడుకు పుట్టాడు. ఇవాళ తొట్టెల పండుగ. మేనత్త వచ్చి వెండి మొలతాడు కట్టందే వాళ్లింట్లో పిల్లవాణ్ణి తొట్టెలలో వెయ్యరు. పన్నెండు దాటితే మంచి ఘడియ పోతుందని అయ్యగారు ముందే చెప్పాడు. మొలతాడు బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి బియ్యం డబ్బాలో, బియ్యం అడుగున ఉంది. స్నానాలు చేసి, మోండా మార్కెట్లో పూలు కొనుక్కుని, ఆటో ఎక్కితే సరిపోతుంది. ఇంత తేలికైన పని పాడవకుండా ఎలా ఉంటుందా అని కమలాబాయికి రాత్రంతా నిద్ర లేదు.

కూతురు భవాని పొద్దున్నే స్నేహితురాలు షెకీనా ఇంటికి వెళ్లిపోయింది. అక్కడినుంచి నేరుగా ఫంక్షన్‌కు వస్తానంది. భవాని కంప్యూటర్ చదువు చదువుతోంది. ఇద్దరూ కలిసి ఏదో గేమ్ జామ్‌లో చేరారు. గేమ్ జామ్ అంటే రెండు రోజుల్లో ఒక కొత్త ఆట తయారుచేసి నెట్‌లో పెట్టాలట, లోకంలో ఎవరైనా ఆడి బాగోగులు రాయవచ్చట. ఈ సంగతి భవాని తల్లికి శుక్రవారమే వివరంగా చెప్పింది. కానీ ఆ సమయంలో కమలాబాయి అంతసేపు తెర చూస్తే కళ్లు పోతాయేమోనని బాధపడుతూ ఉండడం వల్ల ఒక్క ముక్కా వినలేదు.

భవాని ల్యాప్‌టాప్ తిండిబల్ల మీదే వదిలి వెళ్లింది. పక్కనే నీళ్ల గ్లాసు. నీళ్లు, కరెంటు పక్కపక్కన! కమలాబాయి గ్లాసు తియ్యబోతే మోచెయ్యి మౌస్‌కు తగిలింది. తెర వెలిగింది.

తెర మీద ఆమె వంటగది ఉంది.

పటం కాదు, బొమ్మ కాదు, అచ్చం ఆమె వంటగదే. అదే మూత విరిగిన చింతపండు డబ్బా, అదే మసిగుడ్డ. కమలాబాయి మౌస్ పట్టుకుని ఆ డబ్బా మీద నొక్కింది.

“ముట్టకు! చేతులు కడుక్కున్నవా?” అని ల్యాప్‌టాప్ అరిచింది.

కమలాబాయి సొంత గొంతుతో.

ఆమె పెట్టిన కేకకు ఎదురింటి సుబ్బులు చేతిలో అట్లకాడతోనే పరుగెత్తుకొచ్చింది. సుబ్బులు వాళ్లది రాజమండ్రి వైపు. ఈ పద్మారావు నగర్‌కు వచ్చి పదేళ్లు దాటినా మాట అక్కడిదే. ఆమెకు ఇంగ్లీషు చదవడం వచ్చు. రోజంతా వార్తలు చూస్తుంది కాబట్టి నేరాల గురించి కూడా బాగా తెలుసు.

“ఏంటండీ వదినగారూ, ఏమైంది?”

“వదినా, నన్ను కంప్యూటర్ల పెట్టిన్రు! ఇగో, నా ఇల్లు. ఇగో, నా గొంతు.”

సుబ్బులు ఫ్రిజ్ మీద నొక్కింది. “ఉత్త కాళ్లతోని ముట్టకు, షాక్ కొడ్తది!” కిటికీ మీద నొక్కింది. “తియ్యకు, దోమలొస్తయ్!” తెర మీద కుర్చీలో పేపరు వెనక కూర్చున్న సదాశివ మీద నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. ఏమీ కాలేదు.

“కింద ఎవరెవరో రాశారండీ,” అంటూ సుబ్బులు కళ్లద్దాలు పైకి జరుపుకుంది. “ఇతనెవడో పోలండ్ వాడంట. ‘బీరువా తాళం ఎక్కడుందో ఎవరికైనా దొరికిందా?’ అని అడుగుతున్నాడు.”

కమలాబాయి గబుక్కున వంటగదిలోని బియ్యం డబ్బా వైపు చూసింది.

“బ్రెజిల్ నుంచి ఎవరో ఆవిడ, ‘మంచం కింద లేదు, దేవుడి గూట్లో లేదు, నాకు బియ్యం డబ్బా మీద అనుమానంగా ఉంది’ అంటోంది.”

“అయ్యో నా తల్లో! ఆమెకెట్ల తెలిసింది?”

“ముఠా అండీ. దేశాలన్నీ కలిసే చేస్తున్నారు. ఇదిగో, జపాన్ వాడు. ‘పేపరు చదివే ఆయన మీద ఎంత నొక్కినా ఏమీ అవడం లేదు, ఇదేమైనా లోపమా?’ అంటున్నాడు. ‘లోపం కాదు, ఆయన అంతే’ అని ఎవరో జవాబు కూడా ఇచ్చారు. చూశారా, మీ ఇంటి గుట్టు తెలిసినవాళ్లే!”

కమలాబాయి భవానికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. పిల్లను కూడా ఎత్తుకుపోయారేమో. అయినా ముందు తాళంచెవి సంగతి చూడాలి. చెయ్యి మోచేతిదాకా బియ్యంలో ముంచి దాన్ని బయటికి తీసింది. దేవుడి గూట్లో పెడదామంటే తెర మీద దేవుడి గూడు ఉంది. కుట్టుమిషన్ సొరుగులో పెడదామంటే తెర మీద కుట్టుమిషన్ ఉంది. చెప్పుల స్టాండు, పప్పు డబ్బా, తలదిండు గలీబు, అన్నీ ఉన్నాయి. చెవి పిడికిట్లో పెట్టుకుని ఇల్లంతా తిరిగింది. పోతూ పోతూ అలవాటు కొద్దీ భర్త చొక్కా సర్ది, గుండీ పెట్టుకోలేదని కసిరింది. చివరికి ఆ దేశాలవాళ్లు ఎవరూ కనిపెట్టలేని చోటు ఒకటి తట్టింది. అక్కడ పెట్టింది. అమ్మయ్య అనుకుంది.

అప్పుడే తిరుమల్ ఫోన్ చేశాడు. “అక్కా, బయల్దేరినవా? అయ్యగారొచ్చిండు.”

“ఇంట్ల దొంగలు పడ్డరు రా!”

“ఏందీ! ఎక్కడ?”

“కంప్యూటర్ల!”

అది వివరించి ముగించేసరికి ఆమెకు తాళంచెవి ఎక్కడ పెట్టిందో గుర్తులేదు.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. బియ్యం చాప మీదికి వచ్చాయి. పప్పు డబ్బాలు బోర్లాపడ్డాయి. పరుపులు నిలబడ్డాయి. మధ్యలో తమ్ముడికి ఫోన్ చేసి బీరువా తాళంచెవి పోయిందని కూడా చెప్పింది. “ఏమయ్యా, బీరువా తాళం చూసినవా? ఎట్ల చూస్తవు, నీకు ఆ పేపరుంటె సాలు. ఇల్లు మునిగినా తెల్వది. ఏమయ్యా, చూసినవా? నిన్నడుగుడు నాదే తప్పు,” అంటూ కమలాబాయి అటు పోయేటప్పుడు ఒకసారి, ఇటు వచ్చేటప్పుడు ఒకసారి భర్తను నిలదీసింది. అటు పోయినప్పుడల్లా సదాశివ వేలు పైకెత్తాడు. ఇటు వచ్చినప్పుడల్లా దించుకున్నాడు.

సుబ్బులు మాత్రం ల్యాప్‌టాప్ ముందు నుంచి కదలలేదు. దొంగలు ఎక్కడెక్కడ వెతుకుతున్నారో కనిపెట్టాలంటే తను కూడా వెతకాలి కదా అని ఒక్కొక్క వస్తువూ నొక్కుతూనే ఉంది. వెతికేకొద్దీ ఆమె ముఖంలో పట్టుదల కనిపించసాగింది.

“గడియారం వెనక కూడా లేదండీ!” అంది కసిగా.

“నా తాళమా?”

“కాదండీ, ఇందులో.”

పదకొండు కావస్తుండగా తలుపు చప్పుడైంది. సుబ్బులే వెళ్లి తీసింది. భుజాన సంచీ, చేతిలో ఇనుప చువ్వలు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. “బీరువా ఎక్కడమ్మా?” అన్నాడు.

పొద్దుటి నుంచీ లోకమంతా అడుగుతున్న ప్రశ్న ఇదే. సుబ్బులు ఏమాత్రం తొణకలేదు. “ఇటు రండి,” అని మర్యాదగా బాల్కనీలోకి తీసుకువెళ్లి, వెనక్కి వచ్చి, తలుపు మూసి గొళ్లెం పెట్టింది. “వదినగారూ! పోలండ్ వాణ్ణి పట్టుకున్నాను!”

“నేను జకర్యనమ్మా!” బాల్కనీ మనిషి తలుపు బాదాడు. “తాళాలు తీస్త! తిరుమలన్న పంపిండు!”

“మరి తలుపు తీసుకుని రావయ్యా, తాళాలు తీసేవాడివైతే!”

“తాళమైతే తీస్తుంటి. మీరు గొళ్లెం పెట్టిన్రు. గొళ్లానికి నేనేం చెయ్యాలె?”

ఈ గొడవ మధ్యలో భవాని, షెకీనా వచ్చారు. ఎంతకీ రాలేదని తిరుమల్ మామ కేకలు వేస్తే ఫంక్షన్ నుంచే పరుగెత్తుకొచ్చారు. చాప మీద బియ్యం, గోడలకు ఆనించిన పరుపులు, బాల్కనీలో అరుస్తున్న మనిషి, ఏమీ జరగనట్టు పేపరు వెనక తండ్రి. కమలాబాయి బియ్యం దాటుకుని కూతురి ముందుకొచ్చింది.

“ఫోనెందుకు ఎత్తవే? ఎవరన్న ఎత్తుకపోయిన్రా?”

“డప్పుల సప్పుడుకు వినవడలేదమ్మా! గదేం దొంగల ముఠా కాదు, నా గేమ్! ఇల్లు ఫొటోలు నేనే తీసిన. నీ మాటలు శుక్రవారం సంది ఫోన్ల రికార్డు చేసిన. ఏది ముట్టినా నువ్వు తిడ్తవు, గదే గేమ్. బీరువా తాళం వెతకాలె. జెర కొత్తగ ఉంటదని చేసినం.”

“ఆంటీ, మ్యూజిక్ నాది,” అంది షెకీనా బెరుకుగా.

“గేమ్ కోసం నా ఇల్లు దేశదేశాలకు చూపిస్తవా? మసిగుడ్డ సుత తియ్యకుంట!”

భవాని పోయి జకర్యను విడిపించింది. అతను కోపం దిగమింగుకుని బీరువా చుట్టూ తిరిగి చూశాడు. “పాతకాలం బీరువమ్మా. చెవి చెయ్యాల్నంటె గంట పడ్తది. జల్ది కావాల్నంటె పగలగొట్టాలె.”

“పసిపిల్లగాని పండుగ నాడు ఇనుము పగలగొడ్తవా?” కమలాబాయి గుండె మీద చెయ్యి వేసుకుంది. తిరుమల్ మళ్లీ ఫోన్ చేశాడు. వెనక డప్పులు, పిల్లవాడి ఏడుపు. “అక్కా, నువ్వు లేకుంట వెయ్యం గని, అయ్యగారు గడియారం చూస్తుండు.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “నేను రాకుంటనే వెయ్యమని చెప్పు బిడ్డా. చెవి పొయింది. నా బుద్ధి సుత పొయింది,” అని భవాని చేతికి ఫోనిచ్చి బియ్యం పక్కన కూర్చుండిపోయింది.

సరిగ్గా అప్పుడే సుబ్బులు తెర మీద మిగిలిపోయిన చివరి వస్తువు, గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్ట మీద నొక్కింది. ల్యాప్‌టాప్‌లోంచి కమలాబాయి గొంతు మెత్తగా వినిపించింది.

“ఏమయ్యా, బీరువా తాళం చూసినవా?”

“షెకీనా! చివరిదాకా వచ్చిన్రే!” భవాని గంతేసింది. “ఇక్కడిదాకా ఇప్పటివరకు ఎవ్వరు రాలే!”

“ఇప్పుడెక్కడ నొక్కాలమ్మా?” సుబ్బులు మౌస్ బిగించి పట్టుకుంది.

“ఎక్కడ నొక్కొద్దాంటీ. నోటితోని జవాబు చెప్పాలె. ఎవరో ఒకరు చెప్పేదాక అది అట్లనే ఆగుతది.”

“ఏం జవాబు? నేను చెప్ప—” అనబోయిన తల్లి నోటికి భవాని అరచెయ్యి అడ్డం పెట్టింది.

అసలు కమలాబాయికీ కంప్యూటర్ కమలాబాయికీ ఉన్న తేడా అదొక్కటే. రెండోది ప్రశ్న అడిగి ఊరుకుంది. కసరలేదు, ఇంకో ప్రశ్న వెయ్యలేదు, ‘ఎట్ల చూస్తవు’ అనలేదు. కేవలం ఎదురుచూసింది. పైన ఫ్యాను తిరుగుతోంది. జకర్య తలగోక్కోవడం ఆపాడు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు.

కుర్చీలో పేపరు మెల్లగా కిందికి దిగింది.

“చూసిన,” అన్నాడు సదాశివ. “నా జేబుల ఉన్నది.”

తెర మీద బీరువా కిర్రుమని తెరుచుకుంది. షెకీనా మ్యూజిక్ మోగింది. సుబ్బులు చప్పట్లు కొట్టింది. సదాశివ చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి అందరికీ చూపించాడు. ఎంత నొక్కినా ఏమీ బయటికి రాని చోటు ఇంట్లో అదొక్కటే కదా అని కమలాబాయికి అప్పుడు గుర్తొచ్చింది.

“ఇంతసేపు చెప్పొద్దా?” అంది, నోటి మీది చెయ్యి తొలగించుకుని.

సదాశివ జాలిగా చూశాడు. ఆ ప్రశ్నకు కూడా జవాబు చెప్పబోయాడు కానీ ఆమె అప్పటికే బీరువా దగ్గర ఉంది.

మొలతాడు పసుపు గుడ్డలో చుట్టుకుని, చెప్పులేసుకుని, అందరూ గుమ్మం దాటారు. జకర్య బండి మీద కమలాబాయిని పది నిమిషాల్లో దింపుతానన్నాడు. మొదటి మెట్టు మీద ఆమె కాలు ఆగిపోయింది.

“ఏమయ్యా, గ్యాస్ బంద్ చేసిన్నా?”

నల్లా సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఆపుకుంది. భవాని, షెకీనా, సుబ్బులు, జకర్య మెట్ల మీద ఎక్కడివాళ్లక్కడ నిలబడి సదాశివ వైపు చూశారు. అతను తాళం వేశాడు, లాగి చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

“ముట్టిస్తె గద బంద్ చేసేది,” అన్నాడు. “పొద్దటి సంది నేను చాయ్ కోసమే కూసున్న.”