కదిరప్ప తరఫు పెద్దమనుషులు

ఆ ఆదివారం కదిరప్ప అనుకున్న పనులు రెండే. ఎనిమిదింటికి ఇంటర్నెట్ సెంటర్లో మెయిల్ చూసుకోవడం, వస్తూ కొత్తిమీర తేవడం.

2005 సంవత్సరం. అనంతపురంలో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు అతను. రెండేళ్లు సాయంత్రాలన్నీ కూర్చుని, తెలుగు టైపు చేసుకోవడానికి ఒక కీబోర్డు ప్రోగ్రాం రాశాడు. ఊరూరా ఉన్నవాళ్లు ఒక మెయిలింగ్ లిస్టులో చేరి, మెయిళ్లతోనే కలిసి, జీతం లేకుండా తయారుచేస్తున్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో అది చేరాలి. విడుదల ఆ సాయంత్రం ఆరింటికి. చేరితే అందులో అతని పేరుంటుంది. రేషన్ కార్డు మీద తప్ప తన పేరు అచ్చులో చూసుకోని మనిషి.

హైదరాబాదు నుంచి నందిని మెయిల్ వచ్చి ఉంది. ఏది చేర్చాలో, ఏది తీసేయాలో నిర్ణయించేది ఆమే. “కొత్త కంప్యూటర్లలో మీ ప్రోగ్రాం తెరవగానే ఆగిపోతోంది. పరీక్షించారా?”

అంతే. నమస్కారం లేదు, బాగున్నారా లేదు. కదిరప్ప చెవులు వేడెక్కాయి. చిన్నప్పుడు వాళ్ల నాయన ఏదైనా అడిగేది జవాబు తెలిశాకే. నోరు తెరిస్తే ఎదురు చెప్పినట్టు, తల వంచుకుంటే సగం దెబ్బలు తప్పినట్టు. ముప్పై ఏళ్ల కదిరప్ప కంప్యూటర్ ముందు తల వంచుకుని కూర్చున్నాడు. జవాబు రాయలేదు.

పదింటికి ఇంకో మెయిల్. “సమాధానం లేదు. మధ్యాహ్నంలోగా రాకపోతే పక్కన పెట్టేస్తాను.”

అతను పరుగున వీధిపెద్ద ఓబులేసు ఇంటికి పోయాడు.

“ఆయమ్మకు శానా కోపమొచ్చింది మామా. నేనేం మాట్లాడినా తప్పే.”

“తప్పు ఒప్పుకునేకి ఒగడే పోతారాప్పా యాడన్నా? పెద్దమనుషుల్తో పోవల్ల,” అన్నాడు ఓబులేసు, తువ్వాలు భుజాన వేసుకుంటూ.

దారిలో దర్జీ జిలాన్ బాషా, పక్కింటి బాలప్ప, ఆకుకూరల గంపతో తిమ్మక్క కలిశారు. సెంటర్ యజమాని అతావుల్లాతో లెక్క ఐదైంది. మెయిల్ అడ్రసు ఒక్క అతావుల్లాకే ఉంది. అతనే మిగతా నలుగురికీ కొత్తవి తెరిచి, అందరినీ లిస్టులో చేర్చి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు టైపు చేశాడు.

“రాయప్పా. పిల్లోడు మంచోడు, కోపం చాలించు తల్లీ అని,” అన్నాడు ఓబులేసు.

“నాదీ రాయి. ఇంగోసారి వీడిట్ల చేస్తే నేనే తంతా అని,” అంది తిమ్మక్క.

అరగంటలో ఐదు మెయిళ్లు వెళ్లాయి. పదినిమిషాల్లో నందిని జవాబు అందరికీ వచ్చింది. “ఐదు పేర్లు, అన్నీ ఒకే కంప్యూటర్ నుంచి. ఒక్క మనిషే ఐదు వేషాలు వేసి నన్ను ఒత్తిడి చేస్తున్నాడు. ఇది మా లిస్టు పద్ధతి కాదు. ఆరుగురినీ తొలగిస్తున్నాను.”

కదిరప్ప తెరకు దగ్గరగా జరిగి మళ్లీ చదివాడు. రెండేళ్లు పోయాయి. పేరు పోవడం కాదు, ఇప్పుడు చెడ్డపేరు.

“ఒగే మనిసంటనా? నేనూ ఈ దర్జీ బాషా ఒగడేనా?” ఓబులేసుకు రోషం వచ్చింది. మెయిల్ కింద ఫోన్ నంబరుంది. పక్కనున్న ఎస్టీడీ బూత్‌లోకి అందరూ దూరారు.

“ఏమ్మా, నేను ఓబులేసు. ఈడ ఐదుమందిమి ఉండాము. ఒగొక్కరే మాట్లాడతారు, లెక్కబెట్టుకో.”

ఐదు గొంతులు విన్నాక నందిని గొంతు మెత్తబడింది. 

“సరేనండీ, నమ్మాను. కానీ పొద్దున నేనడిగింది ఒకటే. పరీక్షించారా అని. కదిరప్పగారిని చెప్పమనండి.”

ఓబులేసు రిసీవరు మూసి పట్టుకుని కదిరప్ప వైపు తిరిగాడు. “పరీచ్చ చేసినావా?”

“చేసినా మామా. కాలేజీలో ఉండే పాత కంప్యూటర్ల మీద. కొత్తవి యాడుండాయి మాకు?”

ఓబులేసు ఆ మాటే ఫోన్లో చెప్పాడు.

“అబ్బ! అది తెలిస్తే చాలండీ. పది నిమిషాల్లో నేనే సరిచేస్తాను, మిమ్మల్నందరినీ తిరిగి లిస్టులో చేరుస్తాను. కోపమా? నాకెందుకు కోపం?”

ఆరింటికి విడుదలైంది. చివరి వరుసలో కదిరప్ప పేరుంది. పదకొండుసార్లు చదివినా ఎవరిదో పేరులాగే ఉంది. కొత్తిమీర మాత్రం తిమ్మక్క తిడుతూ చేతిలో పెట్టింది.

వారం తర్వాత ఓబులేసుకు నందిని మెయిల్ వచ్చింది. లిస్టులో ఇద్దరు సభ్యులు మూడు నెలలుగా మాట్లాడుకోవడం లేదట, మీలాంటివారు మధ్యలో ఉండి గొడవ తీర్చగలరా అని. ఓబులేసు గొంతు సవరించుకుని అతావుల్లా చేత ఇద్దరికీ ఒకటే జవాబు రాయించాడు. “మీ మీ తరఫున ఐదుగురు పెద్దమనుషుల్ని పిలుచుకొని రాండి.”

ఆ సాయంత్రానికి లిస్టులో పదిమంది కొత్త సభ్యులు చేరారు.