అప్పడాల కర్ర లేనిదే దారి లేదు

సోమవారం శ్రీలత అనుకున్న పని చాలా చిన్నది. పదింటికి దుకాణం తాళం తీయాలి. పన్నెండింటికి మున్సిపాలిటీ సారు తనిఖీకి వస్తే దూరం గుండ్రాలు, శానిటైజరు, జ్వరం చూసే తుపాకీ చూపించాలి. ఆయన సంతకం పెట్టగానే లాక్‌డౌన్‌తో సగంలో ఆగిపోయిన జాకెట్లన్నీ కుట్టడం మొదలుపెట్టాలి. డోర్నకల్ స్టేషన్ రోడ్డులో ఆమె లేడీస్ టైలర్ దుకాణం మూతపడి అప్పటికి మూడు నెలలు దాటింది.

సంతకం పడకపోతే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. వానలు పడ్డాయి, నాట్లు మొదలయ్యాయి. "సోమవారం దాక చూస్తం అక్కా. తెరవకపోతె నాట్లకు వోతం. ఇంట్ల పొయ్యి మండాలె కద" అని తండా నుంచి కుట్టుపనికి వచ్చే చంద్రి ముందే చెప్పేసింది. చంద్రి అన్నదంటే మిగిలిన ముగ్గురూ అన్నట్టే. ఏళ్ల తరబడి దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పిన ఆ నలుగురూ వెళ్లిపోతే, మిషన్లను చూసుకుంటూ శ్రీలత ఒక్కతే ఏం చేస్తుంది?

చిక్కల్లా నడవాతో వచ్చింది. ముందు కౌంటరు గది, వెనక మిషన్ల గది, రెంటికీ మధ్య పదడుగుల సన్నటి నడవా. అందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు బల్లిలా గోడకు అతుక్కోవాలి. ఇక ఆరడుగుల దూరం ఎక్కణ్నుంచి తెచ్చేది?

ఈ మాట తండ్రి ముందు అనడమే ఆమె చేసిన పొరపాటు. ప్రభుదాసు ముప్పై నాలుగేళ్లు రైల్వే క్యాబిన్లలో సిగ్నల్ లీవర్లు లాగి రిటైరయ్యాడు. ఆయన డ్యూటీలో రెండు బండ్లు ఎదురుపడిన పాపాన పోలేదు. ఆ సంగతి ఊళ్లో ఎవరూ మరిచిపోకుండా ఆయనే చూసుకుంటాడు.

"గిది సింగిల్ లైన్ బిడ్డా, గంతే. టోకెన్ చేతిల వడనిది బండి కదలది. టోకెన్ ఒక్కటే ఉంటది గన్క ఎదురుంగ ఇంకో బండి రాదు."

"నాయినా, మనది జాకెట్ల దుకాణం."

"అయితేంది? బండికి బ్రేకన్న ఉంటది. మనిషికి గది గుడ లేదు."

వంటింట్లో దొరికిన అప్పడాల కర్రకు ఆయన ఆదివారమంతా కూర్చుని ఎర్రరంగు వేశాడు. కర్ర చేతిలో ఉన్నవాళ్లే నడవాలో అడుగుపెట్టాలి. వెనక తలుపు బయటికి పోవడానికే. లోపలికి ఎవరు రావాలన్నా ముందు నుంచి, జ్వరం చూపించుకునే రావాలి. పాత ఎర్రజెండా, పచ్చజెండా, ఈల కూడా ట్రంకుపెట్టెలోంచి బయటికి వచ్చాయి.

గోటితో పోయేదానికి గొడ్డలి అనుకుంది శ్రీలత. అయినా సోమవారం పనివాళ్లు నలుగురూ వచ్చాక మొదటి గంట బాగానే నడిచింది. రంగు ఇంకా ఆరకపోవడంతో అందరి అరచేతులూ మైదాకు పెట్టుకున్నట్టు ఎర్రబడ్డాయి, అంతే.

పదకొండింటికి చర్చి వాడ నుంచి అంజమ్మ వచ్చింది. మార్చిలోనే కుట్టడం అయిపోయినా తీసుకెళ్లని జాకెట్ ఆమెది. ప్రభుదాసు ఆమె నుదుటికి తుపాకీ గురిపెట్టి, కర్ర చేతికిచ్చి, పచ్చజెండా ఊపాడు. అంజమ్మ కర్రను అటూ ఇటూ తిప్పి చూసింది. పిడిని ఓసారి తడిమింది. వెనక గదిలో జాకెట్ తొడుక్కుని, చంకలో బిగుతుగా ఉందని చంద్రిని నాలుగు మాటలని, ఇంటికి దగ్గర దారని వెనక తలుపు తీసుకుని వెళ్లిపోయింది. కర్రతో సహా.

కాసేపు చూసి ప్రభుదాసు వెనక గదికి ఫోన్ చేశాడు. "టోకెన్ ఏది?"

"అంజమ్మవ్వ పట్కవోయింది బాపూ" అంది చంద్రి.

ప్రభుదాసు ముఖం పాలిపోయింది. పచ్చజెండా మడిచి, నడవాకు అడ్డంగా ఎర్రజెండా కట్టాడు. "టోకెన్ దొరికెదాక సెక్షన్ బంద్."

"సారు వచ్చే టైమైంది నాయినా! ఇంకో కర్ర వెట్టు!"

"రెండో టోకెనా?" ఆయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. "గా ముచ్చట అన్నోళ్ల నౌకర్లే వోయినయ్ బిడ్డా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు? కత్తిరించిన గుడ్డలు ముందు గదిలో ఉన్నాయి, మిషన్లు వెనక గదిలో. చంద్రి ఒక ఉపాయం ఆలోచించింది. వెనక తలుపు తీసుకుని, గల్లీ చుట్టి ముందుకొచ్చి, జ్వరం చూపించుకుని, గుడ్డలు తీసుకుంది. అక్కడితో ఉపాయం అయిపోయింది. నడవాలోకి పోవడానికి కర్ర లేదు. వెనక తలుపు లోపలికి రావడానికి కాదు. చంద్రి ఇంకా రాలేదేమని జమున వచ్చింది. జమున కోసం మిగిలిన ఇద్దరూ వచ్చారు. ముందు గదిలో ముగ్గురికే చోటు. కాబట్టి ప్రభుదాసు తక్కినవాళ్లను రోడ్డు మీద, సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబెట్టాడు.

ఆ రోజుల్లో గుండ్రాల్లో మనుషులు నిలబడ్డారంటే ఏదో ఒకటి పంచుతున్నట్టే. సంచి పట్టుకుని పోతున్న భద్రయ్య చివరి గుండ్రం వెనక ఆగాడు. "ఏమిస్తున్నరు బిడ్డా?"

"నాకెర్క లేదు పెద్దనాయినా. జర దూరం నిలవడు" అంది జమున.

తెలియదన్నదంటే ఇచ్చేది పెద్దదే అయి ఉంటుందని భద్రయ్యకు నమ్మకం కుదిరింది. ఆయన వెనక మరో ఇద్దరు, వాళ్ల వెనక మరో ఐదుగురు. ఒకరు మాస్కులన్నారు, ఒకరు బియ్యమన్నారు. ప్రభుదాసు ఈల ఊదుతూ, సున్నం డబ్బాతో గుండ్రాలు గీస్తూ వరుస వెంట నడిచాడు. శ్రీలత చంద్రిని అంజమ్మ ఇంటికి తరిమింది. "తాళం ఏసుంది అక్కా! పిండి గిర్నీకి వోయిందంట!" అని చంద్రి అరిచిన అరుపు చాలా దూరం నుంచి వినిపించింది. తిరిగొచ్చిన చంద్రిని ప్రభుదాసు వరుస చివర, స్టేషన్ గేటు దగ్గర నిలబెట్టాడు మరి.

సరిగ్గా అప్పుడే మున్సిపాలిటీ సారు కల్యాణ్ బండి దిగాడు.

ఆయన ఆఫీసు నుంచి ముందే వచ్చిన షరతుల కాగితంలో అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో ఉన్న మాట ఒకటే: జనం పోగైతే దుకాణానికి సీలు. దుకాణం ముందు నలభై మంది ఉన్నారు. ఇక రేపటి నుంచి తను పని నేర్పిన పిల్లలు మోకాలి లోతు బురదలో ఉంటారు, తను ఈ గదిలో ఒంటరిగా ఉంటుంది అనుకుంటూనే శ్రీలత ఆయనకు ఎదురెళ్లింది.

"ఏంది ఇదంత?" అన్నాడు కల్యాణ్.

"మా పనోళ్లు సార్... అందులో నలుగురు."

"వెనక గది చూడాలె" అంటూ కల్యాణ్ నడవా వైపు కదిలాడు. ఎర్రజెండా అడ్డొచ్చింది.

"టోకెన్ ఉన్నదా సారూ?" అన్నాడు ప్రభుదాసు.

"నేను మున్సిపాలిటీ నుంచి..."

"డివిజన్ పెద్ద సాబు వస్తేనే ఆపిన. టోకెన్ లేనిది రానియ్య. జ్వరం గుడ చూయించుకోలె మీరు. గా గుండ్రంల నిలవడుర్రి."

"నాయినా! నీ కాళ్లు మొక్కుత, జర జరుగు!" అంది శ్రీలత ఏడుపు ఆపుకోలేక.

ప్రభుదాసు జరగలేదు. కల్యాణ్ ఆయన్ను ఎగాదిగా చూశాడు. బయట వరుసను చూశాడు. నలభై మందిలో ఒక్క కాలు కూడా గుండ్రం దాటలేదు. ఆయన మెల్లగా వెనక్కి వచ్చి గుండ్రంలో నిలబడి, నుదురు ముందుకు చాపాడు. తొంభై ఏడున్నర.

"వారం నుంచి తిరుగుతున్న చెల్లె" అన్నాడు కల్యాణ్. "ఏ దుకాణంకు వోయినా, నన్ను చూడంగనే గీతలు దాటిచ్చి, కుర్చేసి, చాయ్ వోసిన్రు. ఒక్కలు నా జ్వరం చూడలె. నన్ను ఆపిన మనిషి మీ నాయిన ఒక్కడే." గుండ్రంలో నిలబడే కాగితం మీద సంతకం పెట్టాడు. "పెద్దాయనా, అంగడి దినం జనం వోగైతరు, ఈల పట్కొని జర మాతోటి రా."

శ్రీలత నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కలిపే చేసింది. లైనింగు ముక్కలతో మాస్కులు కుట్టి ఎల్లుండి ఇస్తానని వరుసలో ఉన్నవాళ్లకు మాటిచ్చింది. తన పేరు రాసుకునేదాకా భద్రయ్య గుండ్రం వదల్లేదు.

"ఇప్పుడు వెనకకెట్ల వోవాలె అక్కా?" అంది జమున.

ఆ ప్రశ్నకు జవాబు మధ్యాహ్నం దానంతటదే వచ్చింది, అంజమ్మ చేతిలో. "గీ కర్ర నాది! మీ అమ్మ సుశీల మార్చిల అప్పడాలకని అడిగి తీస్కవోయింది. ఎలుక కొరికిన పిడి నాకెర్క లేదా? ఇన్నొద్దులకు ఇచ్చిన్రని సప్పుడు జెయ్యక తెచ్చుకున్న. గని గీ రంగెవలేసిన్రు? మా ఇంట్ల చపాతీలన్నీ ఎర్రగైనయ్!"

ప్రభుదాసు కర్రను రెండు చేతులా అందుకుని, శానిటైజర్‌తో తుడిచి, పచ్చజెండా ఊపాడు. కాసేపటికి వెనక గదిలో నాలుగు మిషన్లూ ఒక్కసారిగా మోగాయి. మూడు నెలల తర్వాత ఆ చప్పుడు విని శ్రీలత మళ్లీ కళ్లు తుడుచుకుంది.

ఎర్ర కర్రను తిరిగివ్వడానికి ప్రభుదాసు ససేమిరా అన్నాడు. శ్రీలతే మర్నాడు అంజమ్మకు కొత్త అప్పడాల కర్ర కొని ఇచ్చింది. ఎండాకాలం రాగానే సుశీలమ్మ పోయి దాన్నీ అడిగి తెచ్చుకుంది.