చలి తెలియలేదు

మే నెల పద్నాలుగో తారీఖు ఉదయం, బయట నలభై ఆరు డిగ్రీల ఎండ కాస్తుండగా, పల్నాటిలోని శీతల వస్త్ర పరీక్షా కేంద్రంలో సీనియర్ ధారకుడు గుంటుపల్లి ఏడుకొండలుకు మైనస్ ఇరవై డిగ్రీల చలి మంజూరైంది. ఆయన ఉత్తర్వు కింద సంతకం పెట్టాడు. మూడు నిమిషాల్లో మీసాల మీద మంచు పేరుకుంది, కళ్ళద్దాలు తెల్లబడ్డాయి, చేతిలో పెన్ను రాయడం మానేసింది. పక్క బల్ల దగ్గర టైపిస్టు మెడ మీది చెమట తుడుచుకుని, ఉత్తర్వు నకలును ఫైల్లో పెట్టింది.

కొండలెక్కేవాళ్ళు, మంచులో గుడారాలు వేసుకుని ఉండేవాళ్ళు తొడుక్కునే, బాతు ఈకల నూగు కూరిన జాకెట్లను పరీక్షించడం ఆ కేంద్రం పని. అది పల్నాటిలోనే ఎందుకుందంటే, మిరపకాయల గోడౌను ఒకటి అక్కడ ఖాళీగా దొరికింది కాబట్టి. మొదట్లో చలిగది కట్టాలనుకున్నారు. యంత్రం వచ్చింది గానీ గది రాలేదు. గది వచ్చేసరికి యంత్రం తుప్పు పట్టింది. చివరికి ఎవరో బుర్ర ఉన్న అధికారి, చలిని గదికి కాకుండా మనిషికే ఇస్తే పోలేదా అని రాశాడు. గదికైతే తలుపులు కావాలి, కరెంటు కావాలి. మనిషికైతే సంతకం చాలు. పదిహేడేళ్ళుగా ఆ సంతకం ఏడుకొండలుది. పేరులో ఏడు కొండలున్నాయి గానీ, పాపం, ఆయన జన్మలో ఎక్కింది మునిసిపాలిటీ వాటర్ ట్యాంకు ఒక్కటే.

పరీక్ష పద్ధతిగా జరుగుతుంది. ధారకుడు జాకెట్టు తొడుక్కుని ట్యాంకు నిచ్చెన మూడుసార్లు ఎక్కి దిగితే పర్వతారోహణ అయినట్టు. గోడౌను వెనక గుడారంలో రెండు గంటలు పడుకుంటే విడిది అయినట్టు. రాత్రిపూట వాచ్‌మన్ ఉండడు కాబట్టి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు రాత్రిగా పరిగణించాలని వేరే ఉత్తర్వు ఉంది. జిప్పు బిగుసుకుంటుందా, టోపీ చెవులు కప్పుతుందా, మణికట్టు దగ్గర గాలి దూరుతుందా అని చూసి, ధారకుడు నివేదిక రాస్తాడు. నివేదిక అందగానే చలిని ఉపసంహరిస్తారు. మీసాలు కరిగి చొక్కా తడుస్తుంది, మనిషి ఇంటికి పోయి అన్నం తింటాడు.

ఈసారి జాకెట్టు చూడ్డానికి బొద్దుగా, ముద్దుగా ఉంది. రెండోసారి ట్యాంకు ఎక్కుతుండగా లోపలి నూగంతా కిందికి జారిపోయి, ఎడమ భుజం మీద కుట్టు వెంబడి ఉత్త గుడ్డ మిగిలింది. చలి అక్కడినుంచి లోపలికి దిగింది. దిగడం కొత్తేమీ కాదు. పదిహేడేళ్ళుగా ప్రతి జాకెట్టులోనూ ఎక్కడో ఒకచోట దిగుతూనే ఉంది. ఏడుకొండలు ఎప్పటిలాగే ‘చలి తెలియలేదు’ అని రాశాడు. పాసైన జాకెట్టుకు అలా రాయాలని ముందరి ధారకుడు నేర్పి పోయాడు. ఫెయిలైన దానికి ఏం రాయాలో ఆయనకూ తెలియదు. ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

జాకెట్టును ఆ సాయంత్రమే వ్యానులో పైకి పంపారు. చలి ఉపసంహరణ ఉత్తర్వు మాత్రం రాలేదు. రెండు రోజుల తర్వాత దాని బదులు, ఎన్నడూ లేనిది, ఆడిట్ వారి అభ్యంతరం వచ్చింది.

కేంద్రం సూపరింటెండెంటు మన్నవ రాజశేఖరం మంచి మనిషి. ఏడుకొండలును ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితం నిదానంగా చదివి వినిపించాడు.

“చలి తెలియలేదని నువ్వే రాశావు గదయ్యా. తెలియలేదంటే అందలేదని వాళ్ళ లెక్క. అందని చలిని ఎట్టా వెనక్కి తీసుకోమంటావు?”

“మరి ఈ మీసాలేంది సార్?”

“మీసాలు రికార్డు కాదు ఏడుకొండలూ.”

“అయితే తెలిసిందని రాసిస్తా. ఎడమ భుజం కాడ కుట్టు…”

“రాయి. నేనేం వద్దనను. జాకెట్టు ఫెయిలవుద్ది. ఆ రకంవి నాలుగు వేలు కొండల మీదికి పోయి ఉన్నాయి. ఆ తర్వాత నీ పదిహేడేళ్ళ నివేదికలూ తిరగేస్తారు. వచ్చే మార్చికి నీ రిటైర్మెంటు.” రాజశేఖరం కాగితం మడిచి గాజు పేపర్‌వెయిట్ కింద పెట్టాడు. “ఇన్నేళ్ళలో కొండ మీద నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదయ్యా. అది చూడు.”

ఫిర్యాదు చేయాలంటే ముందు కొండ దిగి రావాలని ఏడుకొండలుకు తెలుసు. చలితోనే ఇంటికి పోయాడు.

ఇంట్లో కూతురు ఇందుమతి పురిటికి వచ్చి ఉంది. ఆ రాత్రే ఆడపిల్ల పుట్టింది. భార్య నాగరత్నం పొత్తిళ్ళలో బిడ్డను తెచ్చి చూపించబోయి, నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. తడిగుడ్డలు ఆయన పక్కనున్న తాడు మీద ఆరేస్తే అట్టల్లా బిగుసుకుంటున్నాయి. ఇక బిడ్డను ఎట్లా ఇస్తుంది? పాత చీరల బొంతలు మూడు కప్పుకుని ఆయన వసారాలో ఒక మూల కూర్చున్నాడు, బిడ్డ లోపలి గదిలో పెరిగింది. తలుపు సందులోంచి కనిపించే పిడికిలిని చూస్తూ రోజంతా గడిపేవాడు. ఆ పిల్లను ఒక్కసారి ఎత్తుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకుపోయింది.

వీధి వాళ్ళకు మాత్రం ఆ వేసవి హాయిగా నడిచింది. కరెంటు పోగానే చాపలు తెచ్చుకుని వసారాలో కూర్చునేవాళ్ళు. అమ్మలక్కలు నీళ్ళ బిందెలు తెచ్చి ఆయన చుట్టూ సర్దేవాళ్ళు. “కాస్త ఇటు జరుగు బాబాయ్, మా బిందెకు తగలట్లా,” అనేవాళ్ళు. ఆయన జరిగేవాడు. ఆ చలి ఎప్పుడు పోతుందని ఒక్కరూ అడగలేదు. వానలు పడేదాకా ఉంటుందా అని అడిగారు.

బారసాల జూన్ ఐదున పెట్టుకున్నారు. వాళ్ళింటి ఆనవాయితీ ప్రకారం, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని చెవిలో మొదట పేరు చెప్పేది అమ్మ తరఫు తాతే. ఆయన చెప్పాకే మిగతావాళ్ళు ఆ పేరుతో పిలుస్తారు. లారీ మీద పోయిన అల్లుడు సాయంత్రానికి గానీ రాడు. ముహూర్తం పదకొండింటికి. “ఈ మనిషి ఒళ్ళో ఎట్టా పెడతామే?” అని నాగరత్నం పొద్దుటినుంచి కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది.

పదింటికి రాజశేఖరం మిఠాయి పొట్లంతో, ఒక ఫైలుతో వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. రెండు రాత్రులు నిబంధనలు తిరగేసి దారి కనిపెట్టాడట.

“ఒకే ఉష్ణోగ్రత ఉన్న ఇద్దరు ముట్టుకోవచ్చమ్మా. పాపకు కూడా మైనస్ ఇరవై మంజూరు చేయించా. శిశు విభాగంలో మొదటి ధారకురాలు! రేపు పెద్దయితే ఉద్యోగానికి ఢోకా ఉండదు.” ఫైల్లోంచి చిన్న జాకెట్టు తీశాడు. అరచెయ్యంత చేతులు, కుందేలు చెవుల టోపీ. “తల్లి సంతకం పెడితే చాలు.”

అమ్మలక్కలు ముద్దొచ్చిందని చేతులు మారుస్తూ చూశారు. ఇందుమతి మాత్రం తీసుకోలేదు. గడప అవతలి నుంచి తండ్రి వైపు తిరిగింది.

“నాన్నా, పదిహేడేళ్ళు తొడుక్కున్నోడివి నువ్వు. నీ మాట మీదే పెడతా. వీటిల్లో చలి తెలుస్తదా, తెలవదా?”

రాజశేఖరం గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు. బిందెల వాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడ్డారు. ఏడుకొండలు చిన్న జాకెట్టును చేతిలోకి తీసుకుని, వేళ్ళతో భుజాలు తడిమి చూశాడు. అదే గుడ్డ, అదే కుట్టు. ఒక్క నిజం చెబితే తన పదిహేడేళ్ళూ, ఆ నాలుగు వేల జాకెట్లూ వసారాలో కుప్పపడతాయి. చెప్పకపోతే ఇంకో గంటలో మనవరాలు ఒళ్ళో ఉంటుంది. ఆయనకు ఒళ్ళే ముందు కనిపించింది.

“తెలియదమ్మా,” అన్నాడు.

ఇందుమతి సంతకం పెట్టింది. మూడు నిమిషాల్లో పాప కనురెప్పల మీద సన్నగా మంచు పట్టింది, పెదవులు నీలంగా మారాయి. జాకెట్టు తొడిగి, జిప్పు గడ్డం దాకా లాగి, తెచ్చి తాత ఒళ్ళో పెట్టారు. ఆయన వంగి చెవిలో “చైత్ర” అని మూడుసార్లు చెప్పాడు. పిల్ల ఏడవలేదు. రాజశేఖరం ఒక నిమిషం వేచి చూసి, నిలబడే నివేదిక రాసుకున్నాడు. ‘శిశువు ఏడవలేదు. చలి తెలియలేదు.’ ఏడుకొండలు సాక్షి సంతకం చేశాడు.

అప్పటికే అమ్మలక్కలు బిందెలు రెండో పక్కకు కూడా సర్దుకోవడం మొదలుపెట్టారు. ఫొటోగ్రాఫరు అందరినీ దగ్గరకు జరగమన్నాడు. ఏడుకొండలు కుడిచేతితో మనవరాలిని పట్టుకుని, ఎడమ అరచేతిని ఆ పిల్ల ఎడమ భుజం మీద, కుట్టు వెంబడి, గట్టిగా ఆనించి ఉంచాడు.

“ఆ చెయ్యి అక్కడే పెట్టుకున్నావేంది నాన్నా? తీయి, పాప మొహం కనబడట్లా,” అంది ఇందుమతి.

“ఊరికేనమ్మా,” అన్నాడు.

ఫొటో తీసేటప్పుడు కూడా ఆ చెయ్యి తీయలేదు.