లోటు లేని ఊరు

కరెంటు డిమాండు ఏటా తొమ్మిది శాతం పెరుగుతున్నా ప్రజలు బెంగపడనక్కర్లేదనీ, ఏడాది తిరిగేసరికి లోటు అన్న మాటే వినపడకుండా చేస్తామనీ విద్యుత్ మంత్రిగారు ప్రకటించారు. పగలు సోలార్, సాయంత్రం బ్యాటరీలు, గాలి వీస్తే గాలిమరలు, వీయకపోతే సమీక్షా సమావేశం. ఏ ఊళ్ళో లోటు లేదో కనిపెట్టి అవార్డులివ్వడానికి ఒక పెద్ద కంప్యూటర్ కేంద్రం కూడా కట్టించారు. అది నడవడానికి తొమ్మిది ఊళ్ళ కరెంటు కావాలి. మంచి పనికి ఆ మాత్రం తప్పదు.

ఆ కంప్యూటరు మొట్టమొదట ఏరి పట్టుకున్న ఊరి సబ్‌స్టేషన్‌లో ఒక ఆపరేటరు ఉన్నాడు. నెమ్మదస్తుడు. గంట గంటకీ మీటరు చూసి ఊరు ఎంత అడిగింది, మనం ఎంత ఇచ్చాం, లోటు ఎంత అని లాగ్‌షీట్లో మూడు గళ్ళు నింపడం అతని పని. ఒకరోజు ఊరికి కరెంటిచ్చే బ్రేకరు చెడిపోయి పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా సరఫరా లేదు. మీటరు సున్నా దగ్గర నిలబడిపోయింది. ఉన్నదున్నట్టు రాసే మనిషి గనక అడిగింది సున్నా, ఇచ్చింది సున్నా, లోటు సున్నా అని పన్నెండు వరసలు రాసి పంపాడు. తెల్లారేసరికి అన్ని ఊళ్ళలోకీ ఆ ఊరే ఫస్టు.

ఆపరేటరు హడలిపోయి ఇంజనీరుగారికి ఫోను చేసి, జరిగింది పొల్లుపోకుండా చెప్పాడు.

“బ్రేకరు బాగుచేశావా?” అన్నారు ఇంజనీరుగారు.

“చేశానండి.”

“ఎవరు చెయ్యమన్నారయ్యా నిన్ను?”

ఆ క్షణం నుంచి, ప్రతిభను నిలబెట్టుకోవాలన్న పై ఉత్తర్వు మీద, కరెంటు పారకుండా బ్రేకరు తెరిచే ఉంచారు. ఊరివాళ్ళు అడగడానికి వచ్చారు. మీరు అడిగినట్టు మీటర్లో ఎక్కడా లేదని ఆపరేటరు చేతులు జోడించి చూపించాడు. వాళ్ళు మీటరు చూసి, నిజమేనని ఒప్పుకుని వెళ్ళిపోయారు.

కానీ అతనికి ఇంట్లో ఒక చిక్కు ఉంది. తల్లి పోయాక అతన్ని సాకిన అక్క రెండేళ్ళుగా ఆక్సిజన్ మిషను మీద బతుకుతోంది. కరెంటు ఉంటేనే ఆ మిషను ఆడుతుంది. ఇంట్లో సిలిండరు ఒకటే మిగిలింది. సిలిండర్లు నింపే షాపతను కూడా కరెంటు కోసమే ఎదురు చూస్తున్నాడు. రెండోనాటికి సిలిండరు ముల్లు ఎర్రగీత దిగేసరికి, ఆపరేటరు ఊరందరి ఫ్యూజులూ పీకి పక్కన పెట్టి, బ్రేకరు వేసి, తన క్వార్టరు ఒక్కదానికే గంటసేపు కరెంటు ఇచ్చుకున్నాడు. మీటరు వెంట్రుకవాసి కదిలింది. అదీ రాశాడు. సున్నా నుంచి అంతకు పెరిగితే ఎంత శాతం పెరిగినట్టో తేలక, తొమ్మిది ఊళ్ళ కరెంటు తింటున్న కంప్యూటరు అక్కడికక్కడే ఆగిపోయింది.

“మీ ఊళ్ళో ఎవరికో డిమాండు పుట్టిందటయ్యా,” అన్నారు ఇంజనీరుగారు, ఫోనులో గొంతు తగ్గించి.

“మా అక్కకండి. ఊపిరాడదండి.”

“పెద్దావిడ. నచ్చజెప్పలేకపోయావా?”

అతను ఇంటికెళ్ళి తల వంచుకుని ఆ మాటే చెప్పాడు. ఆవిడ తమ్ముడి చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది. “నీ ఉద్యోగానికి మాట రానీయకురా. నేను కాస్త కాస్తగా పీలుస్తాలే,” అంది.

మూడోనాడు మధ్యాహ్నం అవార్డు సభ. మైకుకీ, వేదిక మీది ఇరవై ఫ్యాన్లకీ లారీ మీద పెద్ద జనరేటరు తెచ్చారు. సిలిండరు అయిపోవచ్చింది. ఆపరేటరు ఎవరినీ అడగలేదు. అక్కను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, మిషను ఒళ్ళో పెట్టి, వేదిక వెనక్కి తోసుకెళ్ళి జనరేటరుకి ప్లగ్గు పెట్టాడు. ఆవిడ పెదాలకి రంగు తిరిగొచ్చింది.

వేదిక ఎక్కబోతున్న మంత్రిగారి కళ్ళు ఆవిడ ముక్కులోని గొట్టం మీద పడ్డాయి. ఎవరీవిడ అని అడిగారు. ఇంజనీరుగారు క్షణం ఆలస్యం చేయకుండా, “లబ్ధిదారు సార్,” అన్నారు.

మంత్రిగారు చలించిపోయారు. రాసుకొచ్చిన ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకున్నారు. గత ప్రభుత్వాలు కరెంటును గుమ్మం దాకా తెస్తే తాము ముక్కు దాకా తెచ్చామన్నారు. ఇన్నాళ్ళూ కరెంటే మనుషుల్ని వెతుక్కుంటూ తీగల వెంట పడి వెళ్ళేదనీ, దారిలో బోలెడు నష్టమయ్యేదనీ, ఇకమీదట మనుషులే కరెంటు దగ్గరికి వెళ్తారనీ ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ఆపరేటరుకి ఉత్తమ ఆపరేటరు షీల్డు ఇచ్చి ఫొటో తీసుకున్నారు.

సభ అయ్యాక లారీ డ్రైవరు తాడు బిగిస్తూ, రేపు పొరుగూళ్ళో అవార్డు, ఎల్లుండి ఇంకో ఊళ్ళో, బండి ఆగేది లేదన్నాడు. ఆపరేటరు కాసేపు జనరేటరు వంకా, కాసేపు అక్క వంకా చూశాడు. ఇంటికి పరుగెత్తి పరుపు, రెండు చీరలు, మందుల డబ్బా తెచ్చి లారీలో సర్దాడు. నలుగురూ కలిసి కుర్చీని పైకెక్కించారు. మిషను మోటారు ఆగలేదు.

“నువ్వూ రారాదూ?” అంది అక్క.

“డ్యూటీ ఉందే. మీటరు చూడ్డానికి మనిషి ఉండాలిగా.”

“వేళకి తిను. నేను లేను కదా అని ఎగ్గొట్టకు,” అంది. లారీ కదిలాక కూడా ఏదో చెప్పింది గానీ, జనరేటరు హోరులో అతనికి వినపడలేదు. పక్కనే కొంతదూరం నడిచాడు. లారీ వేగం అందుకుంది.

వెనక్కి వచ్చి, కారెక్కబోతున్న ఇంజనీరుగారిని అడిగాడు, ఆ లారీ మళ్ళీ మన ఊరికి ఎప్పుడొస్తుందని.

“అవార్డు వచ్చిన ఊరికే వస్తుందయ్యా. వచ్చే ఏడు కూడా మీరే కొడితే మళ్ళీ మీకే. ఒక్క గంట లోటు కనిపించిందో, లేదు,” అన్నారు ఆయన.

ఆపరేటరు తిన్నగా సబ్‌స్టేషన్‌కి వెళ్ళి బ్రేకరు హ్యాండిలు ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు. నాటి నుంచి నేటి వరకూ ఆ ఊళ్ళో ఒక్క బల్బు కూడా వెలగకుండా కంటికి రెప్పలా కాపాడుకొస్తున్నాడు.