మల్లి కాలికి పసుపు

శుక్రవారం పొద్దున గిరిజ అనుకున్న పనులు మూడే. ఎనిమిదింటికి పశువుల ఆసుపత్రికి ఫోన్ చేయడం, తొమ్మిదింటికి మల్లి కాలు కడగడం, పదింటికి కూర్చుని వేడివేడిగా బొరుగుల ఉగ్గాని తినడం. ఆ ఉగ్గాని ఆమె నోటికి అందేసరికి సాయంత్రమైంది.

మల్లి అంటే మేక. కార్డిఫ్‌కు ఉత్తరాన కొండవాలులో ఎకరం నేల బాడుగకు తీసుకుని గిరిజ, ఆమె భర్త సదాశివం నాలుగు మేకలను పెంచుతున్నారు. నాలుగూ మల్లెపూలలా తెల్లనివే. మల్లి ఇంకో పదిహేను రోజుల్లో ఈనాలి. నెల కిందట దాని ముందుకాలి గిట్టలో చీము పట్టింది. కడప జిల్లాలో జీవాల మధ్య పెరిగిన గిరిజకు గిట్ట చెక్కడం కొత్త కాదు. చెక్కింది, కడిగింది, కట్టు కట్టింది. అయినా చీము లోపలికి దిగింది. ఇక సూదిమందు పడాల్సిందే. డాక్టరు చూసి రాస్తే తప్ప ఆ మందు ఎవరూ ఇవ్వరు. ఆ చూసే డాక్టరే మూడు వారాలుగా దొరకడం లేదు. మల్లి మేత మానేసి రెండు రోజులైంది. ఇలాగే ఉంటే తల్లీ దక్కదు, కడుపులో పిల్లలూ దక్కవు.

ఎనిమిదింటికి చేసిన ఫోన్ ఎనిమిదీ నలభైకి ఒక అమ్మాయి ఎత్తింది.

"మీకు ఎన్ని జంతువులున్నాయి?"

"నాలుగు."

"సారీ. ఇరవై లేకపోతే డాక్టర్లు వంతులవారీగా తిరిగే ఫార్మ్ రోటాలో పెట్టలేం. పెట్స్ వైపు అడగండి."

పెట్స్ వైపు అడిగితే కుక్క, పిల్లి, కుందేలు వరకే చూస్తామన్నారు. మేక ఫార్మ్ జంతువట.

"అయితే తక్కిన పదహారు మేకల్ని నేను కనాల్నా?" అని తెలుగులోనే అడిగి గిరిజ ఫోన్ పెట్టేసింది.

షెడ్డులో ఒక మూల లాప్‌టాప్ ముందు సదాశివం ఉన్నాడు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తప్పులు పట్టే ఉద్యోగం అతనిది. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మేకల దగ్గరికే వచ్చి కూర్చుంటాడు.

"ఏమయ్యా, ఆ కంప్యూటర్‌లో యాడన్నా ఒక డాక్టర్ని వెతుకు. నేను ఈలోపల పసుపన్నా పెడతా."

"మీటింగ్‌లో ఉండానే."

"నీ మీటింగ్ ఈనబోతాండాదా? మల్లి ఈనబోతాంది. ముందు దీని సంగతి చూడు."

గిరిజ షెడ్డు బయట పెద్ద గిన్నెలో పసుపు, వేపనూనె కలిపి మల్లి కాలికి దట్టంగా పట్టించింది. కొత్త వాసన తగలగానే తక్కిన మూడు మేకలూ మల్లిని పరాయిదానిలా చూసి పొడవడానికి వచ్చాయి. ఒకటి సరిగ్గా పుండు మీదే తలతో కొట్టింది. గిరిజకు ఒళ్ళు మండింది. మందలో ఒకదానికి వేరే వాసన వస్తే ఏం చేయాలో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అన్నిటికీ అదే వాసన పట్టించాలి. గిన్నెలో మిగిలిందంతా తీసి మూడింటికీ నొసటి నుంచి తోక దాకా రాసింది. అంతలో చినుకులు మొదలయ్యాయి. వాన నీళ్ళకు పసుపు ఒంటినిండా జారి, నాలుగు మేకలూ పెళ్ళికూతుళ్ళలా మెరిసిపోయాయి. చెమట తుడుచుకోబోయి గిరిజ తన ముఖానికి కూడా పూసుకుంది.

ఈలోపు సదాశివం ఒక ప్రభుత్వ ఫారం పట్టుకున్నాడు. అరగంటలో అతను తెరిచిన ఏడు ఫారాలూ 'నాలుగు' అని కొట్టగానే వెళ్ళిపొమ్మన్నాయి. ఇది మాత్రం నాలుగుకు ఒప్పుకుంది. పైన 'అనుమానాస్పద వ్యాధి' అని ఉంది. మల్లికి ఉన్నది వ్యాధే, ఏమిటో తేలలేదు కాబట్టి అనుమానమూ ఉంది. అతను నింపడం మొదలుపెట్టాడు.

'జంతువు రంగులో మార్పు ఉందా?' సదాశివం తలెత్తి చూశాడు. ఉంది. 'ఏ రంగు?' పసుపు. 'ఎన్నిటికి?' నాలుగింటికి. 'మొదటి దాని నుంచి మిగతావాటికి పాకడానికి పట్టిన సమయం?' గడియారం చూసి, ఇరవై నిమిషాలు అని రాశాడు. 'దగ్గరగా మెలిగిన మనుషులలో ఎవరికైనా ఇదే లక్షణం ఉందా?' మళ్ళీ తలెత్తాడు. మోచేతుల దాకా, రెండు చెంపల మీదా పసుపుతో గిరిజ బకెట్ కడుగుతోంది. ఉంది, ఒకరికి. అడిగిన ప్రశ్నకు అడిగినంత జవాబే రాయడం అతని వృత్తిధర్మం. పైగా వివరణ రాయడానికి అక్కడ పెట్టె లేదు.

"పంపించినా," అన్నాడు తృప్తిగా.

"వస్తారంటావా?"

"సోమవారం లోపల ఈమెయిల్ అన్నా వస్తుంది."

నలభై నిమిషాల్లో మూడు ప్రభుత్వ వ్యాన్లు వచ్చాయి. తెల్లటి సూట్లు, మాస్కులు వేసుకుని ఐదుగురు డాక్టర్లు దిగారు. గేటుకు ఎర్రటి టేపు కట్టారు, రెండు తొట్లలో మందునీళ్ళు పోశారు, పరీక్షకు మేకల రక్తం తీసుకున్నారు, కంచెకు ఒక నోటీసు అంటించారు. అపాయింట్‌మెంట్ అడిగితే మూడు వారాలు ఆగమనే మనుషుల ఆసుపత్రి నుంచి గిరిజకు ఫోన్ వచ్చింది. ఒంట్లో ఎలా ఉందని స్వయంగా డాక్టరే అడిగాడు.

"ఆకలిగా ఉండాది," అంది గిరిజ.

ఐదుగురికీ పెద్ద మార్గరెట్ అనే డాక్టరమ్మ. కుర్రవాడైన రిషి ఈ దేశంలోనే, స్విండన్‌లో పుట్టిన తెలుగు పిల్లవాడు. అతను మల్లి దగ్గరికి వంగి, మాస్కు కొంచెం దించి వాసన చూశాడు.

"ఆంటీ, ఈజ్ దిస్ పసుపు?"

"కాకపోతే? మీ అవ్వ ఎప్పుడూ పెట్టలేదా నీకు?"

"మోకాలికి పెట్టేది," అన్నాడు రిషి ఇంగ్లీషులో, ఆ మోకాలు ఇప్పుడే నొప్పి పుట్టినట్టు. వెళ్ళి మార్గరెట్ చెవిలో చెప్పాడు. ఆమె మేకలను చూసింది, గిరిజను చూసింది, సూటు జిప్పు తీసేసింది.

"ప్యాక్ చేయండి, వెళ్దాం."

గిరిజ బకెట్ బోర్లించి సరిగ్గా గేటుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"ఐదుగురు డాక్టర్లొచ్చి ఒక కాలు చూడకుండా పోతారా? పోనీయను. చెప్పు నాయనా ఆమెకు."

"ఏమంటోంది?" అని మార్గరెట్ అడిగింది.

"కాసేపు కూర్చోమంటోంది," అన్నాడు రిషి.

"మేం వైద్యం చేయడానికి రాలేదు. వ్యాధి ఉందో లేదో చూడటానికి వచ్చాం."

"కాలు పట్టుకుని చూడమను. వ్యాధి ఉండేది ఆడనే," అంది గిరిజ.

మార్గరెట్ ముఖం ఎర్రబడింది. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు చర్య తీసుకోవచ్చని హెచ్చరించింది. అప్పుడు, ముప్పై ఏళ్ళలో ఏ మేనేజరుకూ ఎదురు చెప్పని సదాశివం లాప్‌టాప్ రెండు చేతులా ఎత్తుకుని వచ్చాడు.

"ఏది తప్పు, మేడమ్? పసుపుగా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. ఎందుకు పసుపుగా ఉన్నాయని అడగలేదు. అది మీ ఫారంలో తప్పు. కావాలంటే రిపోర్టు రాసిస్తాను."

గిరిజ మొగుడివైపు కొత్తగా చూసింది. వెంటనే తేరుకుని, కంచె మీది నోటీసు చూపించింది. "రిషీ, దాంట్లో ఏం రాసినారో చదువు. గట్టిగా చదువు."

రిషి చదివాడు. రక్తపరీక్ష ఫలితం వచ్చే దాకా కేసు మూయరాదు. అంతవరకు బృందం ఇక్కడే ఉండాలి. చుట్టూ రెండు మైళ్ళలో ఉన్న జీవాలన్నిటినీ ఈ రోజే పరీక్షించాలి. కింద మార్గరెట్ సంతకం ఉంది.

"రెండు మైళ్ళంటే గ్వెన్ గొర్రెలు వస్తాయి," అంది గిరిజ నింపాదిగా.

రోడ్డు అవతల డెబ్బై ఏళ్ళ గ్వెన్ అప్పటికే కంచె పట్టుకుని నిలబడి ఉంది. ఆమెకున్నవి మూడే గొర్రెలు. ఒకదాని కన్ను నెల రోజులుగా వాచి ఉంది. మూడు కాబట్టి ఆమెనూ ఎవరూ రోటాలో పెట్టుకోలేదు.

"నా గొర్రెను చూస్తారా, చూడరా?" అని గ్వెన్ అక్కడి నుంచే అరిచింది. "చూడకపోతే దాన్ని కూడా పసుపుగా చేయడం నాకూ వచ్చు! గిరిజా, ఆ పొడి ఇంకా ఉందా?"

"రెండు కిలోలుండాది!"

మార్గరెట్ నోటీసు మీది తన సంతకాన్ని ఒకసారి చూసుకుంది. తర్వాత తీసిన జిప్పు మళ్ళీ వేసుకుంది. "రిషి, ఆ కాలు చూడు," అంది.

గిట్ట లోపల చీము ఎముక దాకా పోయింది. ఇంకో రెండు రోజులు ఆగితే చేసేదేమీ ఉండేది కాదని రిషి ఇంగ్లీషులో చెప్పాడు. గిరిజకు ఆ ఇంగ్లీషు పూర్తిగా అర్థమైంది. అతను చీము తీసి, కడిగి, సూదిమందు వేస్తున్నంతసేపూ ఆమె మల్లి తలను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పసుపు చెంపల మీద కన్నీళ్ళు రెండు గీతలు గీశాయి. అయిపోగానే లేచి, "ఇంగ గ్వెన్ దగ్గరికి పదండి," అంది.

ఆ సాయంత్రం దాకా తెల్లసూట్లు ఆ లోయంతా తిరిగాయి. ఆరు గొర్రెలున్నవాళ్ళు, ఒక ఆవు ఉన్నవాళ్ళు, పందిపిల్లలు పెంచుకునే రిటైర్డ్ బస్సు డ్రైవరు, అందరూ గేట్లు తెరిచి నిలబడ్డారు. మార్గరెట్ స్వయంగా పద్నాలుగు జీవాలకు మందు వేసింది. నాలుగో ఇంటి దగ్గర ఆమె తిట్టుకోవడం మానేసింది. ఏడో ఇంటి దగ్గర నోట్‌బుక్ తీసి రాసుకోవడం మొదలుపెట్టింది. మల్లి సాయంత్రానికి నాలుగు ఆకులు కొరికింది. అప్పుడు గిరిజ చల్లారిన ఉగ్గాని పళ్ళెం ముందేసుకుంది. రిషికి ఒక పళ్ళెం, అడక్కుండానే మార్గరెట్‌కు ఒక పళ్ళెం పెట్టింది. ఉగ్గాని పసుపురంగులో ఎందుకుందని మార్గరెట్ అడగబోయి, ఎందుకైనా మంచిదని ఊరుకుంది.

రక్తపరీక్షలో ఏ రోగమూ లేదని తేలింది. మల్లి రెండు పిల్లల్ని వేసింది. నెల తర్వాత మార్గరెట్ సంతకంతో లోయలో అందరికీ ఒక ఉత్తరం వచ్చింది. ప్రతి నెలా మొదటి శుక్రవారం కమ్యూనిటీ హాలు దగ్గర పశువైద్యుడు ఉంటాడు, ఒక్క జీవం ఉన్నా తీసుకురావచ్చు.

ఉత్తరం కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: దయచేసి జంతువులను వాటి సొంత రంగులోనే తీసుకురండి.